అరువు ముక్కుల రసజ్ఞత

స్కాచ్ విస్కీ మీద తెలుగువారి గోష్ఠులు ఈ నాలుగైదేళ్లలో నేను చాలా విన్నాను. విన్నవన్నీ ఇంచుమించు ఒకే తీరున సాగాయి. ఇది పన్నెండేళ్లది, అది పద్దెనిమిదేళ్లది. ఇది ఐలా దీవిది, అది స్పేసైడు లోయది. దీనికి ఫలానా విమర్శకుడు నూటికి తొంభైమూడు వేశాడు. దాని సీసా ఖరీదు మా మొదటి స్కూటరు ఖరీదుకంటె ఎక్కువ. గంటసేపు సాగిన సంభాషణలో వయస్సు ఉంది, ఊరు ఉంది, మార్కులు ఉన్నాయి, వెల ఉంది. గ్లాసులో ఉన్న ద్రవం మాత్రం లేదు. “నాకు ఈ గ్లాసులో ఈ వాసన తగిలింది, ఆ గ్లాసులో తగలలేదు” అని తన మాటగా చెప్పినవారు పదిమందిలో ఒక్కరు. మిగిలిన తొమ్మిదిమంది చెప్పినది సీసా వెంట వచ్చిన అట్టపెట్టె మీద అచ్చయి ఉంది.

నా వాదం క్లుప్తంగా చెబుతాను. నాలుగు విస్కీలను పక్కపక్కన పెట్టి, పోల్చి రుచి చూడడం ఒక విద్య. దానికి కావలసినవి ఒక ముక్కు, ఒక నాలుక, కొంత జ్ఞాపకశక్తి, ఆ జ్ఞాపకాలకు పేర్లు పెట్టగల సొంత భాష. ఈ నాలుగూ దేవుడిచ్చినవి ఉండగా, వాటిని అటకెక్కించి లేబులు చదివేవాడు అరువు ముక్కుతో వాసన చూస్తున్నాడు. అరువు ముక్కు వల్ల రెండు నష్టాలు. డబ్బు పోతుంది, వాడక వాడక సొంత ముక్కు కూడా పోతుంది. రెండవ నష్టం గురించే నా బాధంతా.

తెలుగు పంతులికి విస్కీ గొడవ ఎందుకని మీలో కొందరైనా అనుకొంటారు. అడగదగిన ప్రశ్నే. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలు సారా మీద తిరగబడిన నాటికి నేను ఉద్యోగంలో ఉన్నాను. సారా ప్యాకెట్లు ఏ ఇంటి బియ్యం డబ్బాను ఖాళీ చేశాయో నా తరగతిలోని పిల్లల ముఖాలలో చూశాను. 1995లో సంపూర్ణ మద్యనిషేధం వచ్చింది, 1997లో పోయింది. చట్టం పోయినా ఆ స్త్రీలు చెప్పిన మాట అబద్ధమైపోలేదు. తాగనివారిని తాగమనడానికి నేనీ టపా వ్రాయడం లేదు. వారికి నా నమస్కారం. ఇప్పటికే గ్లాసు చేతబట్టి, రసజ్ఞులమని చెప్పుకొంటున్న వారితోనే నా పేచీ. నేను చెప్పే పద్ధతిలో నలుగురు కూర్చుంటే ఒక్కొక్కరి వాటాకు వచ్చేది చారెడు కూడా ఉండదు.

పండిత శిక్షణ పొందినవాణ్ణి కనుక ముందుగా ఒక శాస్త్రవిషయం. మన ధర్మశాస్త్రాలు సురను మూడు రకాలుగా విభజించాయి. బెల్లంతో చేసినది గౌడి. పిండితో, అంటే ధాన్యంతో, చేసినది పైష్టి. తేనెతోనో ఇప్పపూవుతోనో చేసినది మాధ్వి. మనువు వీటిని నిషేధించడానికే పేర్కొన్నాడు గాని, విభజించడం మాత్రం ముడిసరుకును బట్టి విభజించాడు. నేటి అంతర్జాతీయ వ్యాపార వివాదం కూడా సరిగ్గా దీని మీదనే నడుస్తున్నది. మన దేశంలో విస్కీ పేరుతో అమ్ముడయ్యే సరుకులో చాలా భాగానికి ఆధారం చెరకు మొలాసిస్ నుండి తీసిన స్పిరిటు. ఐరోపా సమాఖ్య దానిని విస్కీ అననివ్వదు. ధాన్యం నుండి పుట్టినదే విస్కీ అంటుంది. మన పరిభాషలో అది గౌడి, స్కాచ్ పైష్టి. పేరు ఏదైనా ముందు పుట్టుక చూడమన్న స్మృతికర్తకు లేబులు భ్రమ లేదు.

2009 నాటి స్కాచ్ విస్కీ నిబంధనలు చెప్పేదేమిటో కూడా చూడండి. స్కాట్లండులోనే బట్టీ పెట్టాలి. 700 లీటర్లకు మించని ఓక్ పీపాలలో స్కాట్లండులోనే కనీసం 3 సంవత్సరాలు ఉంచాలి. సీసాకు ఎక్కేటప్పుడు ఆల్కహాలు 40 శాతానికి తగ్గరాదు. నీరు, రంగు కోసం కలిపే కారమెల్ తప్ప మరేదీ కలపరాదు. ఒకే బట్టీలో మొలకెత్తించిన బార్లీతో, రాగి కుండలలో కాచినది సింగిల్ మాల్టు. మాల్టునూ, ఇతర ధాన్యాలతో కాచిన గ్రెయిన్ విస్కీనీ కలిపినది బ్లెండు. చట్టం ఇంతవరకే చెబుతుంది. ఏది రుచి, ఏది అరుచి అన్నది మనకు వదిలిపెట్టింది. మనం ఆ అధికారాన్ని తీసుకొనిపోయి అట్టపెట్టె చేతిలో పెట్టాము.

ఇక అరువు ముక్కులను ఒక్కొక్కటిగా చూద్దాం.

మొదటిది వయస్సు. సీసా మీద 12 అని ఉంటే, అందులో కలిసిన విస్కీలన్నిటిలో చిన్నదాని వయస్సు 12 అని అర్థం. అది పీపాలో గడిపిన కాలం మాత్రమే. సీసాలోకి వచ్చాక విస్కీకి ఏళ్లు పెరగవు. ఆ పీపా మొదటిసారి వాడినదా, నాలుగోసారి వాడినదా అన్నది ఆ అంకె చెప్పదు. నాలుగుసార్లు పీల్చి పిప్పి చేసిన పీపాలో ఇరవైయేళ్లు కూర్చున్న విస్కీ, మంచి పీపాలో పదేళ్లున్న విస్కీ ముందు వెలవెల పోవచ్చు. మంచి పీపాలోనైనా మితిమీరి ఉంటే చెక్క వగరు ధాన్యపు రుచిని మింగేస్తుంది. అదీగాక, కాలం అన్ని చోట్లా ఒకే వేగంతో నడవదు. స్కాట్లండు చలిలో పీపా నుండి ఏటా సుమారు 2 శాతం ఆవిరైపోతుంది. దేవతల వాటా అని ముద్దుగా అంటారు. బెంగుళూరులో అది 10 శాతం పైమాటే. 2004లో అమృత్ అనే బెంగుళూరు సింగిల్ మాల్టు గ్లాస్గో నగరంలోనే విపణిలోకి దిగి, క్రమంగా విమర్శకుల మన్నన పొందింది. దాని వయస్సు స్కాచ్ లెక్కలో పసితనమే. మన దేవతలు కొంచెం ఆశపోతులు కనుక మన పీపాలు తొందరగా పండుతాయి. అంకెను నమ్ముకున్నవాడు ఈ సంగతి ఎలా తెలుసుకొంటాడు?

రెండవది రంగు. ముదురు తేనెరంగు చూడగానే “ఆహా, ఎన్నాళ్లు నానిందో” అనుకొంటారు. కారమెల్ కలపడం చట్టసమ్మతమని పైన చెప్పాను. రంగు కలిపిన సంగతి లేబులు మీద చెప్పాలని జర్మనీ పట్టుబడుతుంది. చాలా దేశాలు పట్టుబడవు. అదే సీసా జర్మనీలో ఒక మాట చెప్పి మన దగ్గర మౌనం పాటిస్తుంది. గ్లాసులో నీరో మంచుగడ్డో పడినప్పుడు మబ్బు కమ్మకుండా ఉండడానికి విస్కీని చల్లబరచి వడపోసే పద్ధతి కూడా ఉన్నది. అదీ కంటి కోసమే. ఆ వడపోతలో పోయే కొవ్వు పదార్థాలు నాలుక మీద నిండుదనాన్ని ఇచ్చేవి. కన్ను ముక్కును ఎంతగా మోసగిస్తుందో ఫ్రాన్సులోని బోర్డోలో పరీక్షించి చూశారు. తెల్ల వైనుకు వాసన లేని ఎర్రరంగు కలిపి 54 మంది వైను విద్యార్థులకు ఇస్తే, వారు దానిని ఎర్ర వైనుకు వాడే మాటలతోనే వర్ణించారు. 2001లో వెలువడిన ఈ పరిశోధనలో పాల్గొన్నవారు వైను చదువే చదువుకొంటున్నవారు. మనబోటివారి సంగతి వేరే చెప్పాలా?

మూడవది ఊరు. ఐలా అనగానే పొగ, పొగ అనగానే ఐలా. ఐలా దీవిలోనే ఉన్న బునహావిన్ పన్నెండేళ్ల విస్కీలో పొగ వెదికినా కనబడదు. అక్కడి బ్రూక్లాడీ బట్టీ పేరు మీద వచ్చే విస్కీకి కూడా పీట్ పొగ పెట్టరు. పీట్ అంటే బురదనేలల్లో వేల ఏళ్లు కుళ్లి గడ్డకట్టిన మొక్కల మట్టి. దానిని మండించి బార్లీని ఆరబెడితే ఆ పొగ గింజకు పడుతుంది. ఇక్కడ మళ్లీ ఒక అంకె తగులుకొన్నది. ఫినాలు పాళ్లు పది లక్షలకు ఇన్ని అని లెక్క చెప్పి, ఎక్కువ పాళ్లున్నదే మగవాడు తాగే విస్కీ అన్నట్టు మాట్లాడతారు. ఆ లెక్క ఆరబెట్టిన గింజలో కొలిచినది. బట్టీ దాటి గ్లాసుకు వచ్చేసరికి అందులో చాలా భాగం దారిలోనే పోతుంది. లాగవూలిన్, కల్ ఈలా అనే రెండు బట్టీలకు పోర్ట్ ఎలెన్ మాల్టు కొట్టం నుండే ఇంచుమించు ఒకే స్థాయి పొగ పట్టిన మాల్టు వెళ్తుంది. గ్లాసులో అవి అన్నదమ్ములుగానైనా కనబడవు. మొదటిది బరువు, రెండవది తేలిక. రాగి కుండ ఆకారం, కాచే నిదానం ఆ తేడాను తెస్తాయి. అంకె ఒక్కటే, రుచులు రెండు.

నాలుగవది కులం. సింగిల్ మాల్టు అగ్రకులం, బ్లెండు అంటరానిది అనే భావం చదువుకున్నవారిలో బలంగా ఉంది. దీని మీద కోపగించుకోవడం కన్న రెండు కథలు చెప్పడం మేలు. 2003లో కార్డూ అనే పేరుపొందిన సింగిల్ మాల్టుకు గిరాకీ మించిపోయి, సరుకు చాలక, దాని యజమానులు ఇతర బట్టీల మాల్టులను కలిపి అదే పేరుతో, అటువంటి సీసాలోనే “ప్యూర్ మాల్టు” అని అమ్మబోయారు. స్కాచ్ పరిశ్రమలోనే గగ్గోలు పుట్టి, 2004లో వెనక్కి తీసుకొన్నారు. గగ్గోలు న్యాయమే, చెప్పిన పేరుకూ పోసిన సరుకుకూ పొత్తు ఉండాలి. గమనించవలసినది ఏమంటే, ఆ పోరాటమంతా లేబులు మీది ఒక్క మాట చుట్టూ తిరిగింది.

రెండవ కథ ఇంకా రుచికరం. 2017లో స్విట్జర్లాండులోని సెయింట్ మోరిట్జ్ పట్టణంలో ఒక చైనా రచయిత 1878 నాటిదని చెప్పిన మకాలన్ సింగిల్ మాల్టును ఒక్క పెగ్గు తాగి, పదివేల ఫ్రాంకులకు ఒక్కటి తక్కువగా చెల్లించాడు. వార్తతో పాటు సీసా ఫొటోలు లోకం మీదికి వచ్చాయి. లేబులూ బిరడా చూసి తెలిసినవారు అనుమానించారు. పరీక్ష చేయిస్తే అది 1970 ప్రాంతాల సరుకని తేలింది. పైగా సింగిల్ మాల్టే కాదు, గ్రెయిన్ కలిసిన బ్లెండు! హోటలువారు డబ్బు తిరిగి ఇచ్చారు. అనుమానం ఎక్కడ పుట్టిందో చూడండి: ఫొటోలో! గ్లాసు దగ్గర ఏ నాలుకా “ఇది బ్లెండు” అనలేదు. 2018 డిసెంబరులో స్కాట్లండు విశ్వవిద్యాలయాల పరిశోధన కేంద్రం 55 అరుదైన సీసాలను పరీక్షిస్తే 21 సీసాలు నకిలీవనో, చెప్పిన సంవత్సరానివి కావనో తేలింది. అక్కడ తీర్పు చెప్పినది కార్బన్-14 లెక్క. 1950ల తరువాతి అణుపరీక్షల వల్ల గాలిలో పెరిగిన కార్బన్-14 ఆపై పండిన ప్రతి గింజలోనూ ఉంటుంది. అది ఉన్న సీసా పాతకాలపుది కాజాలదు. లేబులును పూజించే చోటనే నకిలీ లేబులుకు గిరాకీ. ఎద్దు ఈనిందంటే దూడను కొట్టంలో కట్టెయ్యమనే భక్తులు ఉన్నంతకాలం ఎద్దులు ఈనుతూనే ఉంటాయి.

అయిదవది మార్కులు. మైకేల్ జాక్సన్ అనే ఇంగ్లీషు రచయిత (పాటగాడు కాడు, 2007లో చనిపోయిన విస్కీ పండితుడు) 1989లో వేసిన తన మాల్టు పుస్తకంలో నూటికి ఇన్ని అని లెక్క కట్టాడు. జిమ్ మర్రే తన విస్కీ బైబిలులో వాసనకు 25, రుచికి 25, ముగింపుకు 25, పొందికకు 25 అని పంచాడు. వారు నిజంగా వేలకొలది విస్కీలు రుచి చూసినవారు. నేను చదువు చెప్పినవాణ్ణి. మార్కుల సంగతి నాకు కొంత తెలుసు. ఒకే వ్యాసానికి ఇద్దరు పంతుళ్లు వేసే మార్కులు ఒకటి కావు. ఉదయం మొదటి పత్రానికి ఉన్న ఓపిక సాయంత్రం నూటయాభయ్యో పత్రానికి ఉండదు. పత్రం మీద 62 అని చూసినవాడికి ఆ పిల్లవాడి శైలి తెలియదు, తప్పులు తెలియవు. మరొకడి 61 కంటె ఎక్కువ అని మాత్రం తెలుస్తుంది. విస్కీకి 92, 93 తేడా కూడా అంతే. విమర్శకుడు పక్కన వ్రాసిన నాలుగు వాక్యాలు చదవండి, అంకెను వదిలేయండి. మనవారు వాక్యాలను వదిలేసి అంకెను కంఠస్థం చేస్తున్నారు.

చివరిదీ, నాకు అన్నిటికంటె దుస్సహమైనదీ అరువు మాటలు. నా విద్యార్థులలో కొందరు పద్యం చదవకుండానే గైడు చూసి తాత్పర్యం వ్రాసేవారు. తాత్పర్యంలో దోషం ఉండేది కాదు. “ఈ పద్యంలో నీకు నచ్చిన మాట ఏది?” అని అడిగితే మాత్రం నోరు పెగిలేది కాదు. విస్కీ వర్ణనలు అప్పగించే పెద్దలను చూసినప్పుడు నాకు ఆ పిల్లలే గుర్తుకు వస్తారు. “హెదర్ పూల వాసన, క్రిస్మస్ కేకు, తోలు కుర్చీ” అంటారు. హెదర్ స్కాట్లండు కొండల మీద పూసే ఊదారంగు పువ్వు. దానిని కంటితో చూడనివాడికి దాని వాసన విస్కీలో ఎలా తగిలింది? స్కాట్లండువాడు ఆ మాట అంటే అది సత్యం. వాడు చిన్ననాడు ఆ కొండలెక్కినవాడు, డిసెంబరులో వాళ్లమ్మ ఎండుపండ్లతో చేసిన కేకు తిన్నవాడు. అదే మాట నరసరావుపేటవాడో నిజామాబాదువాడో అంటే అది గైడు.

“తెలుగులో ఇవన్నీ చెప్పగలమా?” అంటారు. ఎందుకు చెప్పలేము? ఇవి కవిసమయాలు కావు; ఆ పదార్థాలు గ్లాసులో ఉన్నాయి. అమెరికా చట్టం బొర్బోన్ విస్కీని లోపల కాల్చిన కొత్త ఓక్ పీపాలలోనే ఉంచమంటుంది. ఒకసారి వాడిన ఆ పీపాలు కుప్పలుగా స్కాట్లండు చేరతాయి. ఆ ఓక్ నుండి దిగే ఒక పదార్థానికి విస్కీ లాక్టోన్ అనే పేరే ఉంది. దాని వాసన కొబ్బరి వాసన. కోనసీమవాడికి కొబ్బరి వాసన ఇంగ్లీషువాడు నేర్పాలా? పైగా పచ్చికొబ్బరి, ఎండుకొబ్బరి, చిక్కిన కొబ్బరినూనె అని మూడుగా విడదీసి చెప్పగల ముక్కు మనది. పులియబెట్టినప్పుడు పుట్టే ఐసోఅమైల్ ఎసిటేట్ వాసన మాగిన అరటిపండుది. ఓక్ చెక్కలోని యూజెనాల్ మన లవంగంలో ఉన్నదే. షెర్రీ పీపాలలో ఉంచిన విస్కీలో ఎండుద్రాక్ష, ఖర్జూరం, తాటిబెల్లం ఉంటాయి. సంక్రాంతికి అరిసెల పాకం ముదిరేటప్పటి వాసన కూడా నాకు అక్కడ తగిలింది. ఇంగ్లీషువాడు ఒక్క “స్మోకీ”తో సరిపెట్టేదానికి మనకు పొగచూరిన వాసన వేరు, మాడు వాసన వేరు, కమరు వాసన వేరు. పెరటిచెట్టు వైద్యానికి పనికిరాదన్న సామెత మన భాష విషయంలోనే ఎక్కువగా నిజం చేస్తున్నాము.

ఈ మాటలు ఊరికే అనడం లేదు. మా అబ్బాయి ఎడింబరోలో ఉద్యోగం చేసినన్నాళ్లు వేసవిలో వెళ్లివచ్చేవాళ్లం. అక్కడ 50 మిల్లీలీటర్ల చిన్న సీసాలు దొరుకుతాయి. పింఛనుదారుడి విద్యాభ్యాసానికి అవే తగినవి. ఒక సాయంత్రం గ్లెన్‌ఫిడిక్ పన్నెండేళ్లది, బునహావిన్ పన్నెండేళ్లది, లఫ్రోయిగ్ పదేళ్లది, జానీ వాకర్ బ్లాక్ లేబుల్ నాలుగు తెచ్చాము. మా అబ్బాయి వాటిని వేరే గదిలో గ్లాసులలో పోసి, అడుగున అంకెలు అంటించి తెచ్చాడు. గోష్ఠికి వచ్చిన ఒక మిత్రుడు అంతకు ముందే “బ్లెండు పుక్కిలించడానికి పనికివస్తుంది” అని సెలవిచ్చి ఉన్నాడు. ఆయన మొదటి స్థానం ఇచ్చిన గ్లాసు తిప్పి చూస్తే బ్లాక్ లేబుల్. మా ఇంటావిడ తాగదు, గ్లాసులు సర్దుతూ వాసన చూసి, “ఏమండీ, దీంట్లో మన చిన్నప్పటి ఎర్ర లైఫ్‌బాయ్ సబ్బు వేశారా? గవర్నమెంటు ఆసుపత్రి వరండాలా ఉందే!” అన్నది. అది లఫ్రోయిగ్. ఆ సబ్బు వాసన కార్బాలిక్ ఆమ్లానిది, అంటే ఫినాలుది. పీట్ పొగ తెచ్చేది ఆ కుటుంబపు పదార్థాలనే. అట్టపెట్టె చదవని ముక్కు ఒక్క క్షణంలో రసాయనశాస్త్రం దాకా వెళ్లింది.

కనుక పద్ధతి చెబుతాను. ఒక్క విస్కీని ఒంటరిగా చూసి ఏమీ తెలుసుకోలేరు. పక్కన మరొకటి ఉన్నప్పుడే గుణం కనబడుతుంది. ఒక్కొక్కటి 10 మిల్లీలీటర్లు చాలు. నోరు సన్నగా మూసుకొనే గ్లాసు వాడండి. మంచు వేయకండి, చలికి వాసన ముడుచుకొనిపోతుంది. ముందు అలాగే వాసన చూసి, తరువాత కాసిని నీళ్లు కలపండి. నీళ్లు కలపడం అపచారమనేవారు వినవలసిన మాట: విస్కీలు కలిపే వృత్తినిపుణులు సుమారు 20 శాతం ఆల్కహాలుకు పలుచన చేసి, ముఖ్యంగా ముక్కుతోనే పని జరుపుతారు. పొగ వాసన నిచ్చే గ్వాయకాల్ అనే పదార్థం పలుచబడిన విస్కీలో పైపొరకు చేరుతుందని 2017లో స్వీడను శాస్త్రజ్ఞులిద్దరు కంప్యూటరు లెక్కలతో చూపారు. మీ ముక్కుకు గట్టి పరీక్ష కావాలంటే మూడు గ్లాసులు పెట్టించండి: రెండింటిలో ఒకే విస్కీ, మూడవదానిలో వేరొకటి. వేరైనది ఏదో చెప్పండి. అది చెప్పలేనప్పుడు 92కూ 93కూ తేడా మీద వాదించడం వృథా. ప్రతి గ్లాసుకూ మూడు మాటలు, మీ ఇంట్లో, మీ వంటింట్లో, మీ ఊరి సంతలో మీరు ఎరిగిన వాసనల పేర్లే, కాగితం మీద వ్రాసిన తరువాతనే లేబులు విప్పండి.

రెండు అభ్యంతరాలు ఊహించగలను. “జిహ్వకో రుచి అన్నారు కదా, ఎవరి ఇష్టం వారిది” అనేది మొదటిది. ఇష్టం వేరు, గుర్తింపు వేరు. కాకరకాయ ఇష్టపడవచ్చు, పడకపోవచ్చు; అది చేదు అన్న సంగతిలో ఇద్దరికీ ఒకటే మాట ఉండాలి. నేను అడుగుతున్నది ఇష్టం మార్చుకోమని కాదు, ఉన్నదానిని గుర్తించమని. “పండితుల మాటకు విలువ లేదా?” అనేది రెండవది. ఉంది. వ్యాఖ్యానం లేకుండా ప్రబంధం చదవమని నేనెప్పుడూ ఎవరికీ చెప్పలేదు. ముందు మూలం చదివి, మనసుకు తోచినది తోచాక, వ్యాఖ్యాత దగ్గరకు వెళ్లాలి. అప్పుడే ఆయన చూపినదీ మనం చూడనిదీ తెలుస్తుంది. స్కాచ్ పరిశ్రమవారే 1970ల చివర వాసనల చక్రం ఒకటి తయారు చేసుకొన్నారు, అందరూ ఒక వాసనకు ఒకే పేరు వాడడానికి. వారు తమ ఎరుకలోని వాసనలతో తమ చక్రం కట్టుకొన్నారు. మనకు మన చక్రం కట్టుకొనే తీరిక లేకపోయింది.

ఈ మాట ఇప్పుడే ఎందుకు చెప్పాలి? పరిమాణం లెక్కన స్కాచ్ దిగుమతిలో 2022లో మన దేశం ఫ్రాన్సును దాటి మొదటి స్థానానికి వచ్చింది. 2025 జులైలో బ్రిటనుతో కుదిరిన వాణిజ్య ఒప్పందం ప్రకారం 150 శాతంగా ఉన్న దిగుమతి సుంకం ముందు 75కు, పదేళ్లకు 40 శాతానికి తగ్గాలి. సీసాలు వస్తాయి, వాటికంటె ముందు అట్టపెట్టెలు, వర్ణనలు, “పరిమిత సంచిక” అనే ముద్రలు వస్తాయి. 2023 నవంబరులో లండను వేలంలో 1926 నాటి మకాలన్ సీసా ఒకటి దాదాపు 22 లక్షల పౌండ్లకు అమ్ముడయింది. అటువంటి వార్త చదివిన మధ్యతరగతి మనిషి తన నెల జీతంలో సగం పెట్టి కొన్న సీసాను అల్మరాలో అద్దం వెనుక పెట్టి, ఎవరికైనా చూపించి, మళ్లీ తాళం వేస్తాడు. అతనికి దానితో ఉన్న సంబంధం కంటికే పరిమితం. గంధం మోసే గాడిద సామెత ఇంతకంటె ఎక్కడ పనికివస్తుంది?

ముక్కు ఒక చోట అమ్ముకొన్నవాడు మరొక చోట నిలబెట్టుకోలేడు. సీసా చూసి విస్కీని మెచ్చినవాడే బహుమతి చూసి నవలను మెచ్చుతాడు, బిరుదు చూసి కవిని మెచ్చుతాడు, పక్కవాడి చప్పట్లు విని పాటను మెచ్చుతాడు. ముప్పైమూడేళ్లు నేను తరగతిలో పోరాడినది దీనితోనే. గ్లాసు చిన్న విషయం. చిన్న విషయంలో సొంతంగా చూడడం అలవాటైతే పెద్ద విషయాలలో అది అక్కరకు వస్తుంది.

తాగే అలవాటున్న మిత్రులకు ఒక పని అప్పగిస్తున్నాను. వచ్చే గోష్ఠిలో సీసాలకు పాత వార్తాపత్రిక చుట్టండి. నాలుగు గ్లాసులు, నాలుగు అంకెలు, ఒక కాగితం. మీకు తగిలిన వాసనలు అచ్చంగా మీ మాటల్లో, మీ జిల్లా మాటల్లో వ్రాసి ఇక్కడ పెట్టండి. నూటికి ఎన్ని అని మాత్రం వ్రాయకండి. పత్రాలు దిద్దడం నేను మానేశాను. అలవాటు లేనివారు మా ఇంటావిడలా వాసన చూసి చెప్పినా చాలు. ఆ జాబితాలో తాటిబెల్లం, ఫినాయిలు, చక్కెరకేళి, అరిసెల పాకం చేరిననాడు ఈ విద్యలో తెలుగువాడు సొంత ముక్కుతో అడుగు పెట్టాడని ఒప్పుకొంటాను.

సెలవు.